మాఫీ ఒకరికి... అప్పు మరొకరికి!

ఉగాది దగ్గరపడిందంటే పల్నాడు పల్లెల్లో రెండు లెక్కలు తేలాలి. ఒకటి కౌలు లెక్క, రెండోది అప్పు లెక్క. కల్లంలో మిరపకాయ ఇంకా ఆరుతూ ఉండగానే పురుగుమందుల షాపు నుంచి కబురు వస్తుంది. వడ్డీకి ఇచ్చిన ఆసామి అరుగు మీదకు వచ్చి కూర్చుంటాడు. పంట పండి, యార్డులో ధర నిలిస్తే సరే. ఏ ఒక్కటి తప్పినా పాత నోటు చించి కొత్త నోటు రాయాల్సిందే. దీన్నే 'నోటు తిరగరాయడం' అంటారు. దీనితో అప్పు తీరదు, పెద్దదవుతుంది.

ఎన్నికల వేళ రుణమాఫీ మాట ఊరూరా మోగుతుంది. పన్నుల మాట మాత్రం పట్నం వాళ్ల వ్యవహారమని పల్లె జనం పక్కకు పెడతారు. నిజానికి ఈ రెండూ ఒకే తక్కెడకు చెందిన రెండు సిబ్బెలు. ఎవరి అప్పును ప్రభుత్వం నెత్తికెత్తుకుంటుంది, ఎవరి దగ్గర పన్ను పిండుకుంటుంది అన్నదాన్ని బట్టే ఆర్థిక న్యాయం ఉందో లేదో తేలుతుంది. ఆ తక్కెడ ఇప్పుడు పేదరైతు వైపు మొగ్గి లేదన్నది చేదు నిజం.

2019లో కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే సంస్థ రైతు కుటుంబాల స్థితిగతులను లెక్కగట్టింది. దేశం మొత్తం మీద నూటికి 50 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో ఒక్కో రైతు కుటుంబానికి సగటు అప్పు 74,121 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2,45,554 రూపాయలు. అంటే దేశ సగటుకు మూడు రెట్లకు పైమాటే. అన్నపూర్ణ అని పేరుపడిన రాష్ట్రానికి ఇది గర్వకారణం కాదు.

నోటు లెక్క

పల్లె వడ్డీని ఏడాదికి ఇంత శాతమని ఎవరూ చెప్పరు. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. వినడానికి చిన్నమాట. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం.

ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా నోటు వెనుక చెల్లు పడకపోతే, లేదా నోటు తిరగరాయకపోతే, ఆ నోటు మీద కోర్టుకు వెళ్లడానికి వీలుండదు. కనుక మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినవాడు వచ్చి తిరగరాయమంటాడు. ఆ రోజున అసలుకు వడ్డీ కలుస్తుంది. మొత్తం కొత్త అసలవుతుంది. వడ్డీకి వడ్డీ పుట్టేది అక్కడే.

ఒక రైతు లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీతో నోటు రాశాడనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 72 వేలు. తిరగరాస్తే నోటు 1,72,000 అవుతుంది. మరో మూడేళ్లకు 2,95,840. ఇంకో మూడేళ్లు గడిస్తే 5 లక్షల 8 వేల పైచిలుకు. తీసుకున్నది లక్ష. తొమ్మిదేళ్లలో అయిదు లక్షలు. ఈ మధ్యలో అతను కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడుకోలేదు.

ఇప్పుడు బ్యాంకు లెక్క చూడాలి. మూడు లక్షల వరకు పంటరుణానికి కేంద్రం వడ్డీ రాయితీ పథకం కింద 7 శాతం వడ్డీ. గడువులోగా కట్టినవారికి మరో 3 శాతం తగ్గింపు. అంటే నికరంగా పడేది 4 శాతం. లక్షకు ఏడాదికి 4 వేలు. తొమ్మిదేళ్లు ఏటా కట్టుకుంటూ పోయినా వడ్డీ 36 వేలు దాటదు. గట్టు ఒక్కటే, వాన ఒక్కటే, పురుగు ఒక్కటే. ఒక రైతుకు వడ్డీ 36 వేలు, పక్క చేని రైతుకు నాలుగు లక్షలు. వీరిద్దరిలో మొదటివాడి పేర పాస్‌బుక్ ఉంది. రెండోవాడు కౌలుదారు. తేడా అంతే.

బ్యాంకు గడప ఎవరిది?

బ్యాంకు మేనేజరు మొదట అడిగేది పట్టాదారు పాస్‌బుక్. అది భూమి యజమాని దగ్గర ఉంటుంది. చాలాచోట్ల ఆ భూమి మీద పంటరుణం ముందే యజమాని పేర తీసి ఉంటారు. యజమాని గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో ఉంటాడు. ఆ డబ్బు ఇంకో పనికి పోతుంది. దుక్కి దున్ని, నారు పోసి, కలుపు తీయించి, మందు కొట్టేవాడు మాత్రం షాపుల వెంట అరువు కోసం తిరగాలి.

దీనికి విరుగుడుగా 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం తెచ్చి, కౌలుదారులకు రుణార్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకు ఒప్పంద పత్రం ఇస్తారు. దానివల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ రాదని చట్టంలోనే రాశారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ పత్రం మీద యజమాని సంతకం కావాలి. సమస్య మొదలయ్యేది అక్కడే.

కాగితం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానులకు తరాలుగా ఉంది. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారుకు రక్షణలు ఇచ్చిన దగ్గరి నుంచి కౌలు నోటిమాటగానే నడిచిపోతోంది. యజమానులందరూ భూస్వాములు కారు. భర్త పోయిన ఇల్లాలు, రిటైరైన పంతులు, పట్నంలో కూలిపనికి పోయినవారు కూడా ఎకరమో రెండెకరాలో కౌలుకిచ్చి కాలక్షేపం చేస్తున్నారు. వారి భయాన్ని వెక్కిరించి ప్రయోజనం లేదు. భయం తీర్చే ఏర్పాటు చేయాలి. అది చేయనంత కాలం చట్టం పుస్తకంలో, కౌలుదారు షావుకారు గుప్పిట్లో ఉంటారు.

షాపు అరువు సంగతి మరీ విడ్డూరం. అరువు మీద తెచ్చిన మందుకు ఒక ధర, రొక్కానికి ఒక ధర. దాని మీద వడ్డీ వేరే. ఏ మందు కొట్టాలో చెప్పేవాడు కూడా ఆ షాపువాడే. పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే సరుకు తోలాలన్న షరతు ఉంటే, రైతు ధర అడిగే హక్కు కూడా పోగొట్టుకున్నట్టే. అప్పు ఒక్కటే. అది విత్తనం దగ్గర ఒకసారి, మందు దగ్గర ఒకసారి, అమ్మకం దగ్గర ఒకసారి, మొత్తం మూడు చోట్ల కోత కోస్తోంది.

మాఫీలు ఎవరిని చేరాయి?

రుణమాఫీ కొత్త మాట కాదు. 1990లో వి.పి.సింగ్ ప్రభుత్వం పదివేల రూపాయల వరకు గ్రామీణ రుణాలను రద్దు చేసింది. 2008లో కేంద్రం అయిదెకరాల లోపు రైతుల బకాయిలు పూర్తిగా రద్దు చేసి, అంతకు మించినవారికి ఏకకాల చెల్లింపు మీద 25 శాతం తగ్గించింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర వరకు, తెలంగాణలో లక్ష వరకు మాఫీ ప్రకటించారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల వరకు మాఫీని విడతలుగా అమలు చేసింది.

వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. ఎందరో చిన్నరైతులు తాకట్టు నుంచి బయటపడ్డారు. అయితే ఈ మాఫీలన్నీ బ్యాంకు, సహకార సంఘం అప్పులకే. ప్రామిసరీ నోటుకు మాఫీ లేదు. బ్యాంకు గడప తొక్కని కౌలుదారుకు మాఫీలో వాటా ఎక్కడిది? తాను దున్నిన చేను మీద యజమాని తీసిన రుణం మాఫీ అయింది. ఆ చేను కోసం తాను చేసిన అప్పు మిగిలింది. పథకం రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోలేం.

అర్హులకైనా సక్రమంగా అందిందా అంటే అదీ సందేహమే. 2008 పథకాన్ని కాగ్ తనిఖీ చేసి 2013లో నివేదిక ఇచ్చింది. జాబితాలో చేరని 9,334 ఖాతాలను చూస్తే, అందులో 1,257 మంది అర్హులై ఉండి కూడా మాఫీకి నోచుకోలేదని తేలింది. అనర్హులకు లబ్ధి చేకూరిన ఉదంతాలనూ అదే నివేదిక బయటపెట్టింది. జాబితాను ఊరి మధ్య పెట్టి చదివి ఉంటే ఇన్ని తప్పులు దొర్లేవి కావు.

గడువులోగా కట్టినవాడికి దక్కకుండా, ఎగవేసినవాడికే దక్కితే మాఫీ నీతి తప్పుతుందన్న వాదన ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. పుస్తెలు కుదువబెట్టి బాకీ కట్టిన ఇల్లాలు మాఫీ వార్త విని నొచ్చుకోవడం సహజం. అందుకే మాఫీని ఎప్పుడో ఒకసారి పెట్టే పండగ భోజనంలా కాకుండా, ఏటా అన్నం దొరికే ఏర్పాటు చూడాలి.

పన్ను కట్టని రైతు ఎక్కడ?

రైతు పన్ను కట్టడని పట్నంలో ఒక మాట ఉంది. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఆదాయపన్ను వేయదన్నది నిజమే. కాని రైతు పన్ను కట్టడం లేదన్నది అబద్ధం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటి నుంచి ఎరువు మీద 5 శాతం, రసాయన పురుగుమందు మీద 18 శాతం పన్ను పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. బిందుసేద్యం పరికరాలకు, కొన్ని జీవ పురుగుమందులకు కూడా తగ్గింపు దక్కింది. ఇది మంచి పని. రసాయన పురుగుమందుల 18 శాతం జోలికి మాత్రం అప్పుడు పోలేదు. మిరప, పత్తి వేసే జిల్లాలో అసలు ఖర్చు ఆ మందు దగ్గరే ఉంది.

వెయ్యి రూపాయల మందు మీద పన్ను 180 రూపాయలు. ఒక రైతు సీజనుకు 40 వేల రూపాయల మందు కొన్నాడనుకుంటే 7,200 రూపాయలు పన్ను కిందే పోతుంది. అదే ఒక కంపెనీ సరుకు కొని పన్ను కడితే, తాను అమ్మేటప్పుడు కట్టవలసిన పన్నులో ఆ మొత్తాన్ని మినహాయించుకుంటుంది. రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండదు కనుక ఆ జమ దక్కదు. గొలుసులో అందరూ పన్నును పక్కవాడి మీదకు తోస్తారు. చివర నిలబడి మోసేవాడు రైతు. డీజిల్ జీఎస్టీ పరిధిలోనే లేదు. దాని మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ రెండూ వసూలు చేస్తున్నాయి. ఆ 7,200 కూడా చాలామంది కౌలుదారులు వడ్డీకి తెచ్చే కడుతున్నారు. ప్రభుత్వానికి కట్టే పన్ను మీద షావుకారుకు వడ్డీ కట్టడం ఎక్కడి న్యాయం?

మరోవైపు పెద్దల లెక్క చూడాలి. చనిపోయినవారి ఆస్తిపై వేసే ఎస్టేటు సుంకాన్ని 1985లో ఎత్తివేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. వసూలు తక్కువ, వసూలు ఖర్చు ఎక్కువ అని కారణం చెప్పారు. బదులుగా కోటి రూపాయలు దాటిన ఆదాయాలపై సర్‌ఛార్జీని 2 శాతం పెంచారు. 2019 సెప్టెంబర్‌లో, ఇతర రాయితీలు వదులుకునే కంపెనీలకు ఆదాయపన్ను రేటును 22 శాతానికి దించారు. పెట్టుబడులు వస్తాయని, ఉద్యోగాలు పెరుగుతాయని వాదించారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, వీటిలో దేనికీ 'మాఫీ' అన్న పేరు రాలేదు. రైతుకిస్తే మాఫీ, కంపెనీకిస్తే ప్రోత్సాహం. మాటలోనే వివక్ష ఉంది.

వ్యవసాయ ఆదాయానికి ఉన్న మినహాయింపులో కూడా ఒక చిక్కు ఉంది. రెండెకరాల రైతుకు, వందల ఎకరాల తోటల యజమానికి అది ఒకే రీతిగా వర్తిస్తుంది. రెండెకరాల రైతుకు పన్ను పడేంత ఆదాయమే ఉండదు కనుక మినహాయింపు వల్ల అతనికి ఒరిగేది లేదు. లాభమంతా పెద్దవారిదే. వేరే వ్యాపారంలో వచ్చిన సొమ్మును వ్యవసాయం ఖాతాలో చూపే వీలూ ఉంది. 1972లో కె.ఎన్.రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద మెట్లుమెట్లుగా పెరిగే పన్ను వేయాలని సిఫారసు చేసింది. వ్యవసాయ ఆదాయంపై పన్ను రాష్ట్రాల చేతిలోని అంశం. పెద్ద రైతుల ఓట్లు, పలుకుబడి చూసి పాలకులు దాని జోలికి పోలేదు.

పాత చట్టాల పాఠం

వడ్డీకి హద్దు పెట్టడం సాధ్యమా అని కొందరు పెదవి విరుస్తారు. ఈ నేల మీదే అది జరిగింది. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. పాత అప్పుల మీద అసలుకు రెట్టింపు కట్టినవాడి బాకీ పూర్తిగా తీరినట్టేనని ఆ చట్టం తేల్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్నరైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారి ప్రైవేటు అప్పులను రద్దుచేస్తూ చట్టం చేసింది. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఆగడాలు మితిమీరినప్పుడు తెచ్చిన చట్టంలో, వడ్డీ అసలును మించి వసూలు చేయరాదన్న నియమం పెట్టారు. మనవారికి తెలిసిన ధర్మం కూడా అదే. వడ్డీ అసలును మించకూడదు.

అయితే ఈ చట్టాలు ఇంకో పాఠం కూడా నేర్పాయి. కట్టడి ఒక్కటే చేస్తే అప్పిచ్చేవాడు దారి మారుస్తాడు. ఇచ్చింది డెబ్బై అయితే నోటులో నూరు రాయించుకుంటాడు. ఖాళీ నోటు మీద సంతకం తీసుకుంటాడు. తాకట్టు బదులు విక్రయ పత్రమే రాయించుకుంటాడు. లేదా అప్పే పుట్టదంటాడు. 2010 తరువాత సూక్ష్మరుణ సంస్థలు రాష్ట్రంలో అప్పులివ్వడం దాదాపు మానుకున్నాయి. వేధింపులు తగ్గాయి. కాని అవసరం తగ్గలేదు. కనుక ఒక తలుపు మూసేటప్పుడు ఇంకో తలుపు తెరిచి ఉంచాలి.

ఆ తలుపు ఎలా ఉండాలో మహిళా సంఘాలు కొంత చూపించాయి. 2004లో మొదలైన పావలా వడ్డీ పథకం కింద, సకాలంలో కట్టిన సంఘాలకు వడ్డీ భారం ఏడాదికి 3 శాతమే. పావలా వడ్డీకీ రెండు రూపాయల వడ్డీకీ ఎనిమిది రెట్లు తేడా. ఆస్తి తాకట్టు లేకుండా, ఒకరికొకరు పూచీగా నిలబడి పేద మహిళలు అప్పు తెచ్చుకున్నారు, కట్టారు. పేదవాడికి ఇస్తే తిరిగిరాదన్నది ఒట్టిమాట.

ఏం చేయాలి?

మొదటిది, పంటరుణం పట్టాకు కాకుండా పంటకు ఇవ్వాలి. ఆ చేనులో ఎవరు సాగు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు. యజమాని సంతకం దొరకనప్పుడు, గ్రామసభలో చదివి, అభ్యంతరాలకు గడువిచ్చి, రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది ధ్రువీకరించి సాగుదారు పత్రం ఇవ్వాలి. అది పంటకే గాని భూమి హక్కుకు రుజువు కాదని పత్రం మీద పెద్ద అక్షరాలతో ముద్రించాలి. ఒకే చేను మీద సాగు చేయనివారికి పంటరుణం ఇవ్వడం ఆపాలి. యజమానికి డబ్బు అవసరమైతే వేరే రుణం తీసుకోవచ్చు. పంట పేరుతో వద్దు.

రెండోది, ప్రైవేటు అప్పుకు హద్దు. వడ్డీ మొత్తం అసలును దాటరాదని స్పష్టమైన చట్టం రావాలి. ఎన్నిసార్లు తిరగరాసినా మొదటి అసలే లెక్కలోకి రావాలి. కేరళలో 2006 చట్టం కింద రైతు రుణ విముక్తి కమిషన్ ఏర్పడింది. తెలంగాణలో 2016లో అటువంటి కమిషన్‌కు చట్టం చేశారు. ఇక్కడ కూడా అలాంటిది జిల్లా స్థాయిలో కూర్చుని, అప్పిచ్చినవాడినీ తీసుకున్నవాడినీ పిలిచి లెక్క తేల్చాలి. అప్పిచ్చినవాడి న్యాయమైన అసలు కూడా పోకూడదు. అతనిలోనూ కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము ఇచ్చినవాడు ఉంటాడు.

మూడోది, పన్ను. రసాయన పురుగుమందుల మీద 18 శాతాన్ని ఎరువుల మాదిరిగా 5కు దించడం ఒక మార్గం. విచ్చలవిడిగా మందు కొట్టడం పెరుగుతుందని అభ్యంతరం చెబితే, పన్ను ఉంచి, వసూలైన దాన్ని సాగుదారు పత్రం ఉన్న చిన్నరైతుల ఖాతాలో ఎకరానికి ఇంత అని తిరిగి జమ చేయడం మరో మార్గం. దీనివల్ల కౌలుదారులు పత్రం కోసం ముందుకు వస్తారు. డబ్బెక్కడిదంటే, పెద్ద తోటల ఆదాయాలు, తరాలు మారుతున్న భారీ ఆస్తులు పన్ను గీటుకు ఆవల ఉన్నాయని పైన చూశాం. చిన్న, మధ్యతరగతి రైతుకు సోకనంత ఎత్తులో గీటు గీసి, ఆ పైన ఉన్నవారి దగ్గర వసూలు చేస్తే ఎవరి ముద్దా పోదు.

నాలుగోది, మాఫీ అయినా, పెట్టుబడి సాయమైనా జాబితా గ్రామసభలో చదవాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకే వెళ్లింది. కౌలుదారుకు రాలేదు. ఎక్కువ భూమి ఉన్నవారికి ఎక్కువ సొమ్ము దక్కింది. సాయం అన్న మాటకు అర్థం ఉండాలంటే పరిమితి ఉండాలి, సాగుదారుకు అందాలి.

ఊరి చేతిలో ఉన్నది

చట్టాలు వచ్చేలోగా రైతులు చేసుకోగలిగినవీ ఉన్నాయి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టరాదు. కట్టిన ప్రతి రూపాయినీ నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి. తిరగరాసినప్పుడు పాత నోటును ఎదుటే రద్దు చేయించి చేతికి తీసుకోవాలి. షాపు అరువుకు బిల్లు అడగాలి. ధర ఎంత, పన్ను ఎంత, వడ్డీ ఎంత అని విడివిడిగా రాయించుకోవాలి. ఒక్కడు అడిగితే అరువు పుట్టదన్న భయం ఉంటుంది. ఊరంతా అడిగితే ఏ షాపూ మూసుకోదు. వ్యాజ్యం వస్తే మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలు ప్రకటించింది. అందులో 50 వేలు అప్పుల పరిష్కారానికేనని ఉత్తర్వులో రాసింది. అంటే రైతు ప్రాణం తీస్తున్నది ఏమిటో ప్రభుత్వానికి అప్పటికే తెలుసు. మనిషి పోయాక షావుకారును పిలిచి బాకీ తెంచగలిగిన అధికారులు, మనిషి ఉండగానే ఆ పని చేయలేరా? కౌలుదారు అడుగుతున్నది దానం కాదు. పక్క చేని రైతుకు దొరికే వడ్డీకే తనకూ అప్పు పుట్టాలని, కంపెనీకి దక్కే పన్ను జమ తనకూ దక్కాలని అడుగుతున్నాడు. ఓట్లకు వచ్చేవారిని ఈసారి మాఫీ ఎంత అని కాక, పంటరుణం ఎవరి పేర ఇస్తారని ఊరూరా నిలదీయాలి.